వేగపుబండి జాగుచేసి ఏల వచ్చును?



మన పల్లెలలో రచ్చబండకడ ఈ నాలుగైదేండ్లనుండి తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. "క్రొత్తరైళ్లు వచ్చుచున్నవని పత్రికలలో వ్రాసిరే, తేదీలుకూడ చెప్పిరే, అవి చెప్పిననాటికి రావేమి?" అని. కొందరు ప్రభుత్వమును నిందింతురు. కొందరు ఇంజనీర్లను నిందింతురు. మరికొందరు "మనదేశ మింతే" యని పెదవి విరిచి లేచిపోవుదురు. నిందగాని నిట్టూర్పుగాని ప్రశ్నకు సమాధానము కాజాలదు. జాగు ఎచ్చట జరిగినదో, ఏ కారణమున జరిగినదో తెలిసికొన్నగాని తప్పెవరిదో, అసలు తప్పున్నదో లేదో నిర్ణయింప వీలుపడదు. నేడు ఆ విచారణ చేయదలచితిని. నేను రైల్వే ఉద్యోగిని కాను. ముప్పదియేండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పిన పండితుడను. కావున మాటతోనే మొదలుపెట్టుచున్నాను.

'ఆలస్యము' అను పదమును మనము జాగు అను అర్థమున వాడుచున్నాము. సంస్కృతమున దాని మొదటియర్థ మది కాదు. అలసుడనగా సోమరి. అలసుని భావము ఆలస్యము, అనగా సోమరితనము. జాగునకు వేరుమాట కలదు, అది విలంబము. లంబించుట యనగా వ్రేలాడుట. పని ముగియక వ్రేలాడుచుండుట విలంబము. ఆ వ్రేలాడుటకు సోమరితనము కారణము కావచ్చును, కాకపోవచ్చును. వరిపైరు నాలుగునెలలకుగాని చేతికి రాదు. అది రైతు సోమరితనము కాదు. నారు పోయవలసినవాడు చీట్లపేకముందు కూర్చుండి కార్తె దాటనిచ్చెనా, అది ఆలస్యమే. ఈ రెంటిని వేరుచేసి చూచినయెడల రైళ్లసంగతి చాలవరకు చిక్కువిడును.

మొదట మనదేశపు కథ చెప్పెదను. చెన్నపట్టణమున పెరంబూరులో ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ యను రైలుపెట్టెల కర్మాగారము కలదు. 1955 అక్టోబరు 2వ తేదీన పండిత నెహ్రూగారు దానిని ప్రారంభించిరి. అచ్చటి ఇంజనీర్లు జనరల్ మేనేజరు సుధాంశు మణిగారి ఆధ్వర్యమున ఒక క్రొత్తబండిని తలపెట్టిరి. దానికి వేరుగా ఇంజను ఉండదు. పెట్టెలక్రిందనే మోటార్లుండును. పదునారు పెట్టెల ఆ బండిని పదునెనిమిది మాసములలో సిద్ధము చేసిరి. 2018లో వెలువడినది గావున 'ట్రెయిన్ 18' అని పేరుపెట్టిరి. ఆ సంవత్సరము డిసెంబరులో రాజస్థానములోని కోటా ప్రాంతమున పరీక్షించినపుడు అది గంటకు 180 కిలోమీటర్ల వేగమును అందుకొన్నది. 2019 ఫిబ్రవరి 15వ తేదీన 'వందే భారత్' అను పేరుతో ఢిల్లీనుండి కాశికి బయలుదేరెను. దాని మోటార్లను నడుపు విద్యుత్పరికరములు మన హైదరాబాదులోని మేధా సంస్థవారు చేసి యిచ్చినవే. ఇంతవరకు జాగన్నది లేదు. మనవారు తలచుకొన్నయెడల చెప్పినగడువులో పని చేయగలరనుటకు ఇది నిదర్శనము.

రెండవబండి 2019 అక్టోబరు 3వ తేదీన ఢిల్లీనుండి వైష్ణోదేవి కొండక్రిందనున్న కట్రాకు నడచినది. మరి మూడవది ఎన్నడు? 2022 సెప్టెంబరు 30వ తేదీన, గాంధీనగరమునుండి ముంబయికి. నడుమ దాదాపు మూడేండ్లు గడచినవి. ఒక్కబండిని ఏడాదిన్నరలో క్రొత్తగా ఊహించి కట్టినవారికి, కట్టినదానినే మరల కట్టుటకు మూడేండ్లేల పట్టినది?

కారణములు చూడుడు. మొదటిబండికి పరికరములు కొనిన తీరుపై ఆక్షేపణలు వచ్చినవి, విచారణ జరిగినది. మరి 44 బండ్లకు కావలసిన పరికరములకై టెండరు పిలిచిరి. 2020 ఆగస్టులో దానిని రద్దుచేసిరి. టెండరు వేసినవారిలో చైనాభాగస్వామ్యముగల సంస్థ యొకటి యుండెను. గల్వాను లోయలో మన సైనికులు ప్రాణములర్పించిన సంవత్సర మది. మరల పిలిచిన టెండరు 2021 జనవరిలో మేధా సంస్థకే దక్కినది. ఆ నడుమ కరోనా మహమ్మారి వచ్చి కర్మాగారములను మూయించినది. అంతలో 2022 ఫిబ్రవరి 24వ తేదీన రష్యా ఉక్రెయిన్‌పై యుద్ధమునకు దిగినది. ఈ బండ్లచక్రములకు మనవారు ఉక్రెయిన్ కర్మాగారమునకు ఆర్డరు పెట్టియుండిరి. సిద్ధమైన కొన్నిచక్రములను రోడ్డుమార్గమున రుమేనియాకు చేర్చి, అచ్చటినుండి విమానములలో తెప్పింపవలసివచ్చెను. ఇనుపచక్రములను విమానమున తెచ్చుకొనుట ఎంత వ్యయప్రయాసములతో కూడినదో మీరు ఊహింపగలరు.

ఇప్పుడు వడ్లను తాలును వేరుచేయుదము. మహమ్మారి మనచేతిలోనిది కాదు, యుద్ధమును మనచేతిలోనిది కాదు. అవి విలంబములు. కొనుగోలులో దోషమున్నదన్న అనుమానము వచ్చినపుడు విచారించుటయు న్యాయమే. ప్రజలసొమ్మునకు లెక్క ఉండవలయును. కాని తప్పున్నదో లేదో త్వరగా తేల్చక కాగితము ఒక బల్లనుండి మరియొక బల్లకు నడచుచుండగా, కట్టనేర్చిన చేతులు ఊరకుండుట ఆలస్యము. విచారణ వేరు, నిర్ణయము చేయుటకు జంకుట వేరు. అడ్డుపడినవానిని ఎవరును తప్పుపట్టరు, సంతకము చేసినవానిని అందరును అడుగుదురు అను భయము పట్టుకొన్న కచేరీలో ఏపనియు ముందునకు సాగదు.

ఇంకొక కారణము కలదు. అది తేదీ చెప్పుటలోనున్నది. 2021 ఆగస్టు 15వ తేదీన ఎర్రకోటపైనుండి ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీగారు, అమృతమహోత్సవపు 75 వారములలో 75 వందే భారత్ బండ్లు నడచునని చెప్పిరి. ఆనాటికి దేశమున నడచుచున్నవి రెండే. క్రొత్త పరికరములకు ఒప్పందము జరిగి ఏడుమాసములే అయినది. క్రొత్తతరహా బండి ఒక్కటియు ఇంకను కర్మాగారము వెలుపలికి రాలేదు. బడిలో పిల్లలచేత చేయించిన లెక్కవలె దీనినికూడ చేసిచూతము. చెప్పినదినము మొదలు 75 వారములు లెక్కించిన 2023 జనవరితో ముగియును. సరిగా ఆ మాసముననే, సంక్రాంతినాడు, సికింద్రాబాదునుండి విశాఖపట్టణమునకు మన తెలుగుసీమల తొలి వందే భారత్ మొదలైనది. దేశమున అది ఎనిమిదవది. ఆ సంవత్సరము ఆగస్టునాటికి ఇరువదియైదు జతలయినవి. 2022 బడ్జెటులో మూడేండ్లలో 400 బండ్లని మరల చెప్పిరి. 2024 డిసెంబరునాటికి నడచుచుండిన సర్వీసులు 136. రాకపోకలను జతలుగా లెక్కించిన 68.

ఒక్కటినుండి అరువదియెనిమిదికి వచ్చుట చిన్నపని యని నేననను. 2022 తరువాత పని నిజముగా వేగము పుంజుకొన్నది. నా మాట యిది. ఎనిమిది వచ్చినందుకు సంతోషింపవలసిన దినమున జనులు "తక్కినవి అరువదియేడు ఏవి?" అని యడిగిరి. పనివారు చేసిన కష్టమంతయు తేదీ చెప్పినవారి తొందరవలన వెలవెలబోయినది. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకుపేరు సోమలింగము" అని మనపెద్దలు ఊరకనలేదు. చక్రము ఏ దేశమునుండి వచ్చునో, ఆసనము ఎవరు చేయుదురో, పరీక్షకు ఎన్నినెలలు పట్టునో తేలకమునుపే పెట్టిన ముహూర్తము ముహూర్తము కాదు, కోరిక మాత్రమే.

పరీక్షమాట వచ్చినది గావున దానిని కొంచెము విస్తరించెదను. ఏలనన ఈ ఒక్కచోట మనము జాగును కోపగించుకొనరాదు.

జర్మనీదేశమున ఐ.సి.ఇ. యను వేగపుబండ్లకు మొదట ఒకేముద్దగా పోసిన ఉక్కుచక్రము లుండెను. ప్రయాణమున అదురు తోచుచున్నదని చక్రమునకు నడుమ రబ్బరుపొర వేసి, దానిపై ఉక్కుకట్టు బిగించిరి. మన యెడ్లబండిచక్రమునకు ఇనుపపట్టా తొడిగినట్లే యనుకొనుడు. అంత వేగమున ఆ తరహా చక్రము ఎన్నాళ్లు నిలుచునో చాలినంతగా పరీక్షింపలేదు. 1998 జూను 3వ తేదీన ఎషెడె అను ఊరివద్ద గంటకు 200 కిలోమీటర్ల వేగమున పోవుచుండగా ఒక చక్రపుకట్టు పగిలెను. బండి పట్టాలు తప్పి వంతెనను ఢీకొన్నది. 101 మంది మరణించిరి. ఎడ్లబండి పట్టా ఊడినయెడల దిగి కమ్మరియొద్దకు నడచిపోదుము. రైలుచక్రము విషయమున దిగుటకు వ్యవధి యుండదు.

ఇక ఒకనాడు మన మచిలీపట్టణమున, భీమునిపట్టణమున వర్తకము చేసిన డచ్చివారి కథ వినుడు. వారును బెల్జియమువారును కలిసి ఆమ్‌స్టర్‌డామునుండి బ్రస్సెల్సునకు గంటకు 250 కిలోమీటర్ల వేగముతో పోవు 19 బండ్లు కావలయునని 2004లో ఇటలీలోని ఆన్సాల్డోబ్రెడా యను సంస్థకు ఆర్డరిచ్చిరి. 2007లో రావలసినవి. ఫైరా యను పేరుతో అవి ఆ దారిలో ప్రయాణికుల నెక్కించుకొన్నది 2012 డిసెంబరులో. ఐదేండ్లు జాగైనను మంచిబండి వచ్చినదిగదా యని సంతోషించునంతలో మంచు కురిసెను. బండిక్రింది రేకులు ఊడి దారిలో పడినవి. 2013 జనవరిలోనే బండ్లను నిలిపివేసిరి. అవి నడచినది సుమారు నలువది దినములు. పిమ్మట రెండుదేశములవారును ఆ బండ్లు మాకు వలదని త్రిప్పికొట్టిరి. డచ్చి పార్లమెంటువారు విచారణసంఘమును వేసి 2015లో నివేదికను వెలువరించిరి. జాగు చేసినంతమాత్రమున పని బాగుపడదని ఈ కథ చెప్పుచున్నది. జాగైన కాలము పరీక్షలో గడచెనా, పేచీలలో గడచెనా అని చూడవలయును.

అమెరికావారి సంగతియు అట్టిదే. వాషింగ్టను, న్యూయార్కు, బోస్టను నగరములనడుమ నడచుటకు 28 క్రొత్తబండ్లను ఆమ్‌ట్రాక్ సంస్థవారు 2016లో ఆల్‌స్టోము సంస్థకు ఆర్డరిచ్చిరి. 2021లో నడువవలసినవి 2025 ఆగస్టు 28వ తేదీనగాని నడువలేదు. అచ్చట పట్టాలు పాతవి, మలుపులు మెండు. క్రొత్తబండి ఆ పాతదారిపై ఎట్లు కదలునో ముందుగా కంప్యూటరులో లెక్కకట్టి నిరూపించినగాని నిజమైన పరీక్షకు అనుమతి లేదు. ఆ లెక్క ఎన్నిమార్లు కట్టినను కుదరలేదు. దానికితోడు కట్టిన బండ్లలో లోపములు బయటపడినవి. ధనమున్నవారికిని యంత్రవిద్యలో ముందున్నవారికిని ఇట్లయినపుడు "మనదేశ మింతే" అను నిట్టూర్పు న్యాయము కాదుగదా!

ఇందుకే మన స్లీపరు వందే భారత్ సంగతిలో నాకు కొంత సహనము కలదు. రాత్రి పరుండి పోవుటకు వీలైన ఆ బండిని 2024 సెప్టెంబరు 1వ తేదీన బెంగుళూరులో రైల్వేమంత్రి శ్రీ అశ్వినీ వైష్ణవ్‌గారు చూపించి, మూడునెలలలో ప్రయాణికుల కందుననిరి. 2025 జనవరిలో కోటా ప్రాంతమున అది 180 కిలోమీటర్ల వేగమును చూపినది. హౌరా, గౌహతులనడుమ అది ప్రారంభింపబడినది 2026 జనవరి 17వ తేదీన. మూడునెలలన్నది పదునారు నెలలైనది. వందలమంది నిద్రించు బండిలో నిప్పు పుట్టకుండుటకును, పుట్టినచో వ్యాపింపకుండుటకును పట్టిన కాలమును నేను ఆక్షేపింపను. "మూడునెలలు" అని ముందుగా చెప్పిన మాటనే ఆక్షేపింతును.

ఇక మీకందరికి సూటిగా తగులు విషయము భూమి. ముంబయి, అహమ్మదాబాదు నగరములనడుమ 508 కిలోమీటర్ల దారిని జపానువారి సాయముతో వేసి గంటకు 320 కిలోమీటర్ల వేగముతో బుల్లెట్‌రైలు నడుపుటకు 2017 సెప్టెంబరు 14వ తేదీన శంకుస్థాపన చేసిరి. ఆనాటి అంచనా లక్షా ఎనిమిదివేల కోట్ల రూపాయలు. 2023 డిసెంబరునకు ముగింతుమనిరి. దానికి కావలసిన సుమారు 1,390 హెక్టారుల భూమి పూర్తిగా చేతికి వచ్చినది 2024 జనవరిలో. అనగా బండి నడువవలసిన గడువు దాటిన తరువాత భూమి చేరినది. మహారాష్ట్రమున అభ్యంతరము లెక్కువగా వచ్చినవి. మొదటిభాగము సూరతునుండి బిలిమోరావరకు 2027 ఆగస్టులో తెరువగలమని పిదప ప్రకటించిరి.

ఇచ్చట రైతు పట్టుపట్టినాడు, అందుచేత జాగైనది అని పట్టణవాసులు చెప్పుట సులభము. తాత ముత్తాతలనాటి పొలమును, కాపుకు వచ్చిన సపోటా, మామిడి తోటలను ఇమ్మని యడిగినపుడు రైతు నాలుగుమార్లు ఆలోచించుట సోమరితనమగునా? అది విలంబమేగాని ఆలస్యము కాదు. ఇల్లు కట్టువాడు మొదట స్థలము చూచుకొనును, పిదప పునాదిరాయి వేయును, ఆపైని గృహప్రవేశమునకు బంధువులను పిలుచును. పిలుపు ముందును స్థలము వెనుకను అయినచో బంధువులు వచ్చి వీధిలో నిలువవలసివచ్చును. రేపు మన ప్రాంతములకుకూడ ఇట్టి దారులు రావచ్చును. భూమి నడుగవచ్చిన యధికారికి ఎదురుపడి, ధర ఎంత, ఎన్నడిత్తురు, తోటకు వేరుగా నిత్తురా, మిగిలిన చెక్కకు దారి ఏది అని కాగితముమీద వ్రాయించుకొనుడు. ముందుగా సరిగా మాటలాడుకొన్న ఊరిలో పని త్వరగా సాగును.

బండి వచ్చినంతమాత్రమున వేగము రాదనియు గ్రహింపవలయును. సికింద్రాబాదునుండి విశాఖకు సుమారు 700 కిలోమీటర్లు. ఆ బండికి ఏర్పరచిన కాలము ఎనిమిదిన్నర గంటలు. భాగించిచూడుడు: గంటకు 82 కిలోమీటర్లు వచ్చును. 160 పోగల బండి సగటున అందులో సగమే పోవుచున్నది. గుఱ్ఱము మంచిదే, బాట చాలదు. మలుపులు సరిచేయవలెను, పట్టాలు మార్చవలెను, సంకేతములు మార్చవలెను, దారికి ఇరుప్రక్కల కంచె వేయవలెను. పచ్చజెండా ఊపుటకు వందలమంది వత్తురు. కంచె వేయునాడు ఎవరును రారు. కాని వేగము ఆ కంచెలోనే యున్నది.

ఈ కంచెమాటతో బాధ్యత మన గుమ్మమువరకు వచ్చినది. 2022 అక్టోబరు 6వ తేదీన గాంధీనగరము–ముంబయి వందే భారత్ అహమ్మదాబాదు దగ్గర గేదెలను ఢీకొనగా దాని ముందరిభాగము పగిలెను. ఆ మాసములోనే ఆ బండికి పశువులవలన మూడుమార్లు దెబ్బ తగిలెను. చచ్చినవి పేదవాని పాడిగేదెలు. పగిలినది దేశపు బండి. ఇరువురును నష్టపోయిరి. ఇంతకన్న బాధాకరమైనది మన విశాఖలో జరిగినది. 2023 జనవరి 11వ తేదీన, ఇంకను ప్రారంభము కాని బండి విశాఖకు చేరగా, కొందరు దానిపై రాళ్లు రువ్వి అద్దములు పగులగొట్టిరి. ఆ యేప్రిలులో విశాఖనుండి తెల్లవారుజామున పోవలసిన బండి, రాళ్లదెబ్బకు పగిలిన అద్దమును మార్చుటకై కొన్నిగంటలు జాగుచేసి బయలుదేరెను. ఆ జాగునకు రైల్వేవారు కర్తలా? ఉక్రెయిన్ యుద్ధము కారణమా? 1989 నాటి రైల్వేచట్టము 153వ సెక్షను ప్రకారము ప్రయాణికులకు అపాయము కలుగునట్లు చేసినవానికి ఐదేండ్లవరకు కారాగారశిక్ష కలదు. ఆటగా విసరిన రాయి ఒక ముసలమ్మ కంటిని తీయవచ్చును; విసరిన పిల్లవాని చదువును కూడ తీయవచ్చును. పట్టాలప్రక్కనున్న ప్రతి ఊరిలో పెద్దలు ఒక్కసాయంకాలము పిల్లలను కూర్చుండబెట్టి ఈ సంగతి చెప్పవలయునని నా ప్రార్థన. పశువులను కాచువారికిని చెప్పుడు: నాలుగేండ్లక్రితపు బండి కూత విని గేదెను తోలుకొనుటకు వ్యవధి యుండెడిది, ఈ బండికి ఉండదు.

చివరిమాట. వేగపుబండి కొరకు ఎదురుచూచుచు మన పాతబండిని మరువరాదు. 2020లో మహమ్మారివలన నిలిచిన పాసింజరుబండ్ల విషయమున, చిన్నస్టేషనులలో కొన్నియాగుటలు తీసివేయబడినవి. కూరలగంప తీసికొని సంతకు పోవువానికిని, పట్టణపు కళాశాలకు పోవు పల్లెపిల్లకును ఆ బండియే వందే భారత్. కావున మన ప్రతినిధులు ఊరికి వచ్చినపుడు మూడు ప్రశ్నలు అడుగుడు. చెప్పిన తేదీ దాటినపుడు కారణమును మాకు తెలిపితిరా? జాగు చేసిన సంస్థనుండి ఏమి పరిహారము రాబట్టితిరి? క్రొత్తది వచ్చువరకు పాతదానిని సరిగా నడుపుచున్నారా? రెండవ ప్రశ్న వింతది కాదు. జర్మనీలో సీమెన్సువారు 2011లో ఇయ్యవలసిన వేగపుబండ్లను రెండేండ్లు జాగుచేసి యిచ్చినందుకు, పదునైదింటికి ఆర్డరుపుచ్చుకొని పదునారవదానిని పరిహారముగా నిచ్చిరి.

పెద్దలారా! పరీక్షకు పట్టు కాలమును ఓర్చుకొందము. అది మన బిడ్డల ప్రాణములకు కట్టిన కంచె. నిర్ణయము చేయజంకి వృథాచేసిన కాలమును ప్రశ్నింతము. అది మన సొమ్ము. సిద్ధము కాకమునుపే చెప్పిన తేదీలకు చప్పట్లు కొట్టుట మానుదము. మనము చప్పట్లు కొట్టుట మానిననాడు తేదీ చెప్పువారు లెక్క చూచుకొని చెప్పుదురు.